మోచెయ్యి మాత్రమే పడింది

పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో పదేళ్లుగా కీబోర్డు వాయిస్తున్నా. మొన్న తిరుచానూరు రిసెప్షన్ వీడియో వచ్చింది. సింగర్, గిటార్, డ్రమ్స్ అందరూ ఉన్నారు. నాది మోచెయ్యి మాత్రమే పడింది. "ఏమబ్బా, ఆ రోజు నువ్వు రాలేదా?" అన్నాడు మా డ్రమ్మర్.

నాకు ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్‌లో కీబోర్డు వాయించిన రిచర్డ్ (రిక్) రైట్ గుర్తొచ్చాడు. అందరూ ఆ బ్యాండ్‌లోని వాటర్స్, గిల్మోర్ అంటారు గానీ 'అస్ అండ్ దెమ్' పాటకి బాణీ కట్టింది ఈయనే. 'ద వాల్' ఆల్బం రికార్డింగప్పుడు బ్యాండ్‌లోంచి తప్పించారు. తర్వాత 1980-81 కచేరీలకు జీతానికొచ్చి వాయించాడు. ఆ కచేరీల్లో నష్టమొస్తే మిగతావాళ్లు భరించారు, డబ్బు మిగిలింది జీతగాడికే! (మా మేనేజర్‌కి చెప్పకండి.)

2008 సెప్టెంబరు 15న ఆయన పోయాక గిల్మోర్ రాశాడు: పింక్ ఫ్లాయిడ్ అంటే ఎవరన్న గొడవల్లో రిక్ చేసిందంతా తరచూ మరిచిపోయారని. 'ఎకోస్' పాట మాత్రం రిక్ లాగా ఇంకొకరు నేర్చుకుని వాయించలేరని కూడా అన్నాడు.

అది ఒక్క పియానో స్వరంతో మొదలవుతుంది. లోపల గిర్రున తిరిగే లెస్లీ స్పీకర్‌లోంచి వచ్చే 'టింగ్'. రాత్రి రెండింటికి, బస్టాండు దగ్గర ఇడ్లీలు తింటూ, మా డ్రమ్మర్ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టా.

"ఇదేంది, కుళాయి చుక్కనా?" అన్నాడు. ఇడ్లీ చల్లారిపోయింది. మళ్లీ మొదట్నుంచి పెట్టమన్నాడు.