ఆగిన గంటలకు ఒక గడి

చీమకుర్తిలో గ్రానైట్ కోసి పాలిష్ చేసే ఒక ఫ్యాక్టరీలో నేను లెక్కలు చూస్తాను. మా ఊరి పేరు చెప్పగానే అందరూ బ్లాక్ గెలాక్సీ గురించే అడుగుతారు. నల్లరాయిలో బంగారు చుక్కలు మెరిసే ఆ రాయి ఇక్కడ దొరకడం అదృష్టమే. ఆ రాయి ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికి వచ్చాక ఏమవుతుందన్నది నేను రోజూ చూసే సంగతి. దాని గురించే రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

మా వైపు ఏ నలుగురు యజమానులు కూర్చున్నా ఒక మాట వస్తుంది: "పనివాళ్ళు సరిగా చేయరు, అందుకే ఉత్పత్తి రాదు." ఈ మాట నేను ఒప్పుకోను. ఒడిశా నుంచి, రాజస్థాన్ నుంచి వచ్చి, షిఫ్టు మొత్తం నీళ్లలో, రాతి బురదలో నిలబడే మనుషులను చూస్తూ ఎలా ఒప్పుకుంటాను? లెక్కలు కూడా ఆ మాటను బలపరచవు.

మా రోజువారీ పుస్తకంలో మొన్నమొన్నటి వరకు ఒక్కటే అంకె ఉండేది. ఎన్ని అడుగులు? చదరపు అడుగులని అర్థం. సాయంత్రం యజమాని ఫోనులో అడిగే మొదటి ప్రశ్న కూడా అదే. అడుగులు తగ్గిన రోజు ఆపరేటర్‌కు చీవాట్లు పడతాయి. ఎందుకు తగ్గాయో రాయడానికి పుస్తకంలో చోటే లేదు. అందుకని పక్కన ఒక గడి గీశాను: మెషిన్ ఎంతసేపు ఆగింది, ఎందుకు ఆగింది.

గడి నిండుతున్న కొద్దీ అసలు సంగతి బయటపడింది. కరెంటు పోయి ఆగిన సమయం ఉంది, కాదనను. కానీ దానికంటే ఎక్కువసార్లు కనిపించిన కారణం ఎదురుచూడటం. ఉన్నది ఒక్క క్రేన్. అది లారీ మీది బ్లాక్ (క్వారీ నుంచి వచ్చిన పెద్ద రాతి దిమ్మ) దింపుతున్నంతసేపు కోసిన స్లాబులు, అంటే రాతి పలకలు, ట్రాలీ మీదే ఉండిపోతాయి, రాయి కోసే మెషిన్ అయిన కట్టర్ ఖాళీగా ఉంటుంది. బ్లేడు అంచున ఉండే వజ్రపు సెగ్మెంట్లు అరిగిపోతాయని అందరికీ తెలుసు. ఇంకెన్నాళ్ళు వస్తాయో మా ఆపరేటర్ కోత శబ్దం విని చెప్పేస్తాడు. అయినా కొత్తవి కొనేది పాతవి పూర్తిగా పోయాకే. ఇక అన్నిటికంటే నన్ను బాధపెట్టింది మందం సంగతి. ఈ బ్లాక్‌ను 18 మిల్లీమీటర్లకు కోయాలా, 20కా? ఈ ఒక్క మాట కోసం మధ్యాహ్నమంతా వృథాగా పోయిన రోజులున్నాయి. ఆ మాట చెప్పవలసిన మనిషి చెన్నైలో కొనుగోలుదారుతో మాట్లాడుతూ ఫోను ఎత్తలేదు. షెడ్డులో ఉన్న సూపర్‌వైజర్‌కు ఆర్డరు ఏమిటో తెలుసు, రాయి తెలుసు. నిర్ణయించే అధికారం మాత్రం లేదు.

ఘనమీటరుకు దాదాపు మూడు టన్నులు తూగే రాయి ఇది. అంత బరువును క్వారీ నుంచి తీసి, మోసి, రాయల్టీ కట్టి తెచ్చుకుంటాం. కోతకు ముందు పగులు ఎటు పోతోందో చూసి సుద్దతో గుర్తు పెట్టడానికి పట్టేది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాలు ఎవరి పనో ఎవరికీ అప్పగించకపోవడం వల్ల పాలిష్ దాకా వెళ్ళి విరిగిన స్లాబుల లెక్క నా దగ్గర ఉంది.

ముంబై చుట్టుపక్కల నేత మిల్లుల్లో ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్, ఆయన సహ పరిశోధకులు 2008లో మొదలుపెట్టిన ప్రయోగం గురించి చదివినప్పుడు మా షెడ్డే కళ్ళముందు కదిలింది. కొన్ని మిల్లులకు ఉచితంగా సలహాదారులను పంపి, కొన్ని నెలలపాటు దగ్గరుండి పద్ధతులు నేర్పించారు. నేర్పినవి మామూలు పనులే. నేల శుభ్రంగా ఉంచడం, నూలు నిల్వ రాసిపెట్టడం, మెషిన్ చెడిపోకముందే మరమ్మతు చేయడం, లోపాలు వచ్చినప్పుడు కారణం నమోదు చేయడం. మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. ఆ అధ్యయనంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇంకొకటి. అక్కడి కంపెనీ ఎంత పెద్దదవుతుందో చెప్పడానికి దాని పద్ధతుల కంటే ఆ కుటుంబంలో ఎందరు మగవాళ్ళున్నారన్నదే బాగా పనికొచ్చిందట. బయటివాళ్ళను నమ్మి బాధ్యత ఇవ్వరు కాబట్టి, అన్నదమ్ములు, కొడుకులు ఎందరుంటే అన్ని షెడ్లు. చీమకుర్తిలో ఇది ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. చాలా ఏళ్ళ తర్వాత వాళ్ళు మళ్ళీ అదే మిల్లులకు వెళ్ళి చూస్తే, నేర్పిన పద్ధతుల్లో సగం వరకు వదిలేశారు. మేనేజర్ మారిన చోట అవి ఎక్కువగా పోయాయి. అందుకే నా గడిని నా చేతిలోనే ఉంచుకోకుండా షిఫ్టు ఆపరేటర్ల చేత రాయిస్తున్నాను. ఒడిశా కుర్రాళ్ళు తమ భాషలోనే రాస్తారు. "దీదీ, ఇది క్రేన్ కోసం ఆగింది" అని చదివి వినిపిస్తారు.

కరెంటును నేను తేలిగ్గా తీసేయడం లేదు. 2012లో పవర్ హాలిడేలు (కరెంటు కొరత వల్ల ఫ్యాక్టరీలు ఆపాల్సిన రోజులు) నడిచిన కాలం ఇక్కడి పరిశ్రమ మరచిపోలేదు, 2022 ఏప్రిల్‌లోనూ మళ్ళీ వారానికో రోజు ఆపమన్నారు. కోత మధ్యలో సరఫరా పోతే స్లాబు మీద గీత పడుతుంది. మన దేశంలో విద్యుత్ కొరత వల్ల ఫ్యాక్టరీల ఆదాయం సగటున 5 నుంచి 10 శాతం పోతోందని ఒక అధ్యయనం అంచనా వేసింది. ఎండ సంగతి కూడా అంతే. ఏడాది ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే భారతీయ ఫ్యాక్టరీల ఉత్పత్తి సుమారు 2 శాతం పడిపోతుందని ఇంకొక పరిశోధన తేల్చింది. మే నెలలో మా రేకుల షెడ్డు కింద నిలబడితే ఆ అంకెను ఎవరూ కాదనలేరు. షెడ్డుకు పైన గాలి పోయే దారి పెట్టడం, చల్లని నీళ్లు అందుబాటులో ఉంచడం దయతో చేసే పనులు కావు, ఉత్పత్తి ఖర్చులో భాగం.

ఇక కూలీ సంగతి. మా దగ్గర కట్టర్ వాళ్ళకు అడుగుల లెక్కన డబ్బు. వేగంగా దింపి కోస్తే అడుగులు ఎక్కువ వస్తాయి, కానీ బ్లేడు పక్కకు ఒరిగి స్లాబు ఒకచోట మందంగా, ఒకచోట పలచగా వస్తుంది. ఆ తేడాను అరగదీయడానికి పాలిష్ లైన్ రెట్టింపు సమయం తింటుంది. సెగ్మెంట్లూ త్వరగా పోతాయి. కట్టర్ వాళ్ళను తప్పు పట్టలేం, మనం డబ్బు ఇస్తున్నది దేనికో వాళ్ళు అదే చేస్తున్నారు. పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో ఫుట్‌బాల్ తయారీదారులకు పరిశోధకులు ఇచ్చిన, బంతి ముక్కలు కోసే కొత్త అచ్చు కథ ఇలాంటిదే. దానితో కోస్తే రెక్సిన్ వృథా తగ్గుతుంది. కానీ అలవాటయ్యే దాకా చేయి నెమ్మదిస్తుంది, ముక్కల లెక్కన కూలీ తీసుకునేవాళ్ళకు అది నష్టం. దాంతో అచ్చు పనికిరాదనే మాట యజమానుల చెవిన పడింది. కొత్త అచ్చుతో పని చేసి చూపినవాళ్ళకు దాదాపు నెల సంపాదనంత డబ్బు ఇస్తామన్నాక కొన్ని ఫ్యాక్టరీలు దాన్ని వాడటం మొదలుపెట్టాయి.

ఇదంతా కాగితం మీద రాసి మా యజమాని ముందు పెట్టాను. మందం సమంగా వచ్చిన స్లాబులకు అడుగుకు కొంత అదనం ఇద్దామని, ఆర్డరు ఉన్నంతవరకు మందం నిర్ణయం సూపర్‌వైజర్‌కే వదిలేద్దామని అడిగాను. రెండోదానికి వెంటనే ఒప్పుకున్నారు. మొదటిదాన్ని దసరా తర్వాత ఒక్క కట్టర్ మీద పరీక్షించి చూద్దామన్నారు. స్లాబు మందాన్ని నాలుగు మూలలా కొలవడానికి వెర్నియర్ అనే కొలత పరికరం తెప్పించాను. కొలిచి రాయడం పాలిష్ లైన్ హెల్పర్లు ఇప్పటికే నేర్చుకుంటున్నారు.