కౌంటరు కింది నోట్‌బుక్

జనగామ బస్టాండు దగ్గర పన్నెండేళ్లుగా నెట్ సెంటర్ నడుపుతున్నాను. నా కౌంటరు కింద ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. అందులో రెండు వందల మందికి పైగా పాస్‌వర్డులు ఉన్నాయి. ఈపాస్ స్కాలర్‌షిప్, పీఎఫ్, పాన్, జీమెయిల్... చాలావరకు నేనే పెట్టినవి. పేరు, పక్కన @123. అప్లికేషన్ల సీజన్‌లో లైను రోడ్డు మీదికి వస్తే అదే తొందరగా అయ్యే పని. అది తప్పని తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

భయం ఉన్నవాళ్లు జాగ్రత్తగా ఉంటారని అనుకునేవాణ్ణి. కూరగాయలమ్మే పెద్దమ్మ ఒకామె ఎవరికి డబ్బు పంపాలన్నా నా దగ్గరికే వచ్చేది. ఫోన్ నా చేతిలో పెట్టి, లైనులో నలుగురు వింటుండగా పిన్ గట్టిగా చెప్పేది. "నాకు భయం బిడ్డా, ఏదన్న ఒత్తితే పైసలన్నీ పోతయంట. నువ్వే కొట్టు." ఎవరికి ఫోన్ చేసినా ముందు సైబర్ మోసాల హెచ్చరిక వినపడిన రోజులవి. ప్రమాదం ఉందని ఆమెకు బాగా ఎక్కింది. తన వేలితో తాను ఏం చేసుకోవచ్చో మాత్రం ఎవరూ చూపించలేదు. నేనూ చూపించలేదు.

డిగ్రీ చదివే కుర్రాడిది ఇంకో తీరు. "నా అకౌంట్ల రెండొందలు గూడ లెవ్వన్నా, నాదెవడు దోస్తడు?" అనేవాడు. ఒకరోజు వాట్సాప్‌లో పెళ్లి పత్రిక పేరుతో ఏపీకే ఫైలు, అంటే ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు, వచ్చింది. నిజం పత్రికైతే ఫొటోనో పీడీఎఫ్‌నో అవుతుంది, ఇన్‌స్టాల్ చెయ్యమని అడగదు. వీడు నొక్కాడు, మెసేజీలు చదివే పర్మిషన్ ఇచ్చాడు. ఓటీపీ దొంగకు చేరింది, వాట్సాప్ ఇంకో ఫోన్లో తెరుచుకుంది. వాడి ఖాతాలో డబ్బు లేదు నిజమే. కానీ వాడి పేరు చూసి డబ్బు పంపే మనుషులు ఫోన్ నిండా ఉన్నారు. దొంగ పెట్టిన మెసేజ్ చూసి, ఆసుపత్రి ఖర్చనుకుని మేనమామ ఎనిమిది వేలు పంపాడు. అరగంటలో మామకు విషయం తెలిసి, మా సెంటర్ నుంచే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం. ఐదు వేలు అవతలి ఖాతాలో ఆగాయి. మిగతావి అప్పటికే వేరే చోటికి వెళ్లిపోయాయి. మామ ముందు వాడు తలెత్తలేకపోయాడు.

వాట్సాప్‌లో ఆరంకెల టూ-స్టెప్ పిన్ ముందే పెట్టుకుని ఉంటే, ఓటీపీ దొరికినా దొంగకు అది అంత సులువుగా తెరుచుకునేది కాదు. తర్వాత వాడి చేతనే పెట్టించాను. రెండు నిమిషాలు పట్టింది. "ఇంతేనా అన్నా?" అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు బాధపెట్టింది.

పెద్దమ్మ మళ్లీ వచ్చినప్పుడు నా ఫోన్ నుంచి ఆమెకు ఒక రూపాయి పంపాను.

"పైసలొచ్చినయా? పిన్ కొట్టినవా?"

"వచ్చినయ్. పిన్ కొట్టలే."

"రావడానికి పిన్ అక్కర్లేదు. పైసలిస్తా, పిన్ కొట్టు అన్నోడు దొంగ."

ఆ రూపాయి నాకు తిరిగి పంపమన్నాను. వేలు వణికింది. నాలుగైదు సార్లు అటూ ఇటూ పంపుకున్నాక వణుకు తగ్గింది. పిన్ మార్పించాను. ఇప్పుడు నేను చెయ్యి చాపినా ఫోన్ ఇవ్వదు. "అటు దిక్కు తిరుగు" అంటుంది. నాకెంత సంతోషమో!

ఇప్పుడు నోట్‌బుక్ ఖాళీ చేస్తున్నాను. వచ్చినవాళ్లను కొత్త పాస్‌వర్డు వాళ్లే పెట్టుకోమని, కాగితం మీద రాసుకుంటే ఇంట్లో దాచుకోమని చెప్పి, పాతది నోట్‌బుక్‌లోంచి వాళ్ల ముందే చించేస్తున్నాను. మనిషికి పది నిమిషాలు పడుతోంది, లైనులో విసుక్కుంటున్నారు. అరవై మంది దాకా అయ్యారు. రిటైరైన అటెండరు ఒకాయన మాత్రం ఒప్పుకోలేదు. "నా దగ్గరుంటె పోతది, నీ దగ్గరనే ఉండనియ్యి" అన్నాడు. ఆయన పేజీ ఇంకా అలాగే ఉంది. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసం వస్తాడు, అప్పుడు మళ్లీ అడుగుతాను.