పానగల్లు గట్టున ఒకటి, మన్ననూరు గోడ మీద ఒకటి

జూలై రెండో వారంలో నేనూ, ఎనిమిదో తరగతి చదివే మా మేనల్లుడూ నల్లగొండ నుంచి మన్ననూరు అడవికి బయల్దేరాం. ఊరు దాటీ దాటకముందే పానగల్లు దగ్గర బండి ఆపించాడు వాడు. ఉదయసముద్రం అంచున బురదలో, ఎర్రటి పుల్లల్లాంటి కాళ్ళ మీద నలుపూ తెలుపూ పిట్టలు పదిదాకా తిరుగుతున్నాయి.

"ఎంత బారు కాళ్ళు మామా! కొంగ పిల్లలా?"

కావు. బ్లాక్ వింగ్డ్ స్టిల్ట్‌లు. కాళ్ళు చూసి చాలామంది కొంగల్లో కలిపేస్తారు గానీ, వీటి చుట్టరికం చేల గట్ల మీద అరిచే తీతువుతో. పక్షుల వర్గీకరణలో రెండూ కరాడ్రిఫార్మిస్ అనే ఒకే క్రమానివి. తీతువులాగే ఇవీ నేలమీదే గుడ్లు పెడతాయి, మామూలుగా నాలుగు. ఎండ ముదిరితే తల్లీ తండ్రీ నీళ్ళలోకి దిగి, కడుపు కింది ఈకలు తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చుంటాయి. ఆ తడే గుడ్లకు చల్లదనం.

గట్టు మీద గొర్లు కాస్తున్న పెద్దాయన మా మాటలు విని దగ్గరికొచ్చాడు. "గా మిట్ట మీదనే పెడ్తయ్ బిడ్డా గుడ్లు. మీది నుంచి నీళ్ళొస్తే మునుగుతయ్."

కందూరు చోడుల నాటి చెరువిది. ఇప్పుడు కాలువ ద్వారా కృష్ణ నీళ్ళొచ్చి నిలిచే జలాశయం. చెరువు నిండటం ఊరికి పండగే. కానీ ఆ మిట్ట మీది నాలుగు గుడ్లు దారంతా నా కళ్ళముందే ఉన్నాయి.

దేవరకొండ, డిండి దాటాం. రాత్రి 9కి అడవి గేటు మూసేస్తారు, అంతకుముందే మన్ననూరు చేరాం. బస చేసిన గది బయట గోడ మీద, దీపం కింద, అరచేయంత వెడల్పున లేతాకుపచ్చ రెక్కలు. చివర్న రెండు పొడుగాటి తోకలు. మూన్ మాత్! రాత్రిపూట తిరిగే, సీతాకోకచిలుకలాంటి పురుగు. పుస్తకంలో ఎన్నిసార్లు చూసినా, ఎదురుగా చూస్తే ఊపిరి ఆగినట్టయింది. గబ్బిలం తన అరుపు ప్రతిధ్వనిని బట్టి వేటాడుతుంది కదా, మెలి తిరిగే ఆ తోకలు దాన్ని ఏమార్చి దెబ్బ తమమీద పడేట్టు చేస్తాయి. ఒళ్ళు దక్కుతుంది.

"మామా, ఇదేం తింటది?"

ఏమీ తినదు. తినే నోరే ఉండదు. గొంగళిగా ఉన్నప్పుడు తిన్నదే బలం. ఆ బలంతోనే వారం రోజులు బతికి, జతకూడి, గుడ్లు పెట్టి పోతుంది. దీనిది శాటర్నిడే కుటుంబం, దసలి పట్టుపురుగుదీ అదే. మన పోచంపల్లి పట్టునిచ్చే మల్బరీ పురుగు వేరే కుటుంబం.

"పొద్దున పిట్టకూ దీనికీ రెక్కలే గద, ఒక్క వర్గం కాదా?" అన్నాడు. కాదు. దానికి వెన్నెముక ఉంది, దీనికి లేదు. పిట్ట రెక్క ముంగాలు మారి వచ్చింది, కీటకం రెక్క అలా వచ్చింది కాదు. పక్షులు పుట్టకముందే కీటకాలు ఎగిరాయి.

వాడు నిద్రపోయాక నాకు మాత్రం ఇంకో తేడా పట్టుకుంది. ప్రపంచంలో పక్షి జాతులన్నిటి స్థితినీ, ఏ జీవికి ఎంత ముప్పుందో తేల్చే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ అంచనా వేసింది. స్టిల్ట్‌కు ప్రస్తుతం భయం లేదంటుంది. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా దేశాల్లో నీటి పక్షుల లెక్క జరుగుతోంది. కీటకాల్లో నూటికి ఐదు జాతుల సంగతి కూడా తేల్చలేదు. చెరువు అభయారణ్యం కాకపోయినా పిట్టకు లెక్క ఉంది. పెద్దపులి పేరున కాపాడుతున్న అడవిలో ఉండీ మాత్‌కు లెక్క లేదు. దానికి దీపాలు తక్కువుండాలి, గొంగళి ఆకు తినడానికి గుంపెన చెట్టుండాలి. ఈ రెండూ ఎవరు చూస్తున్నారు?

లేచి బయటి దీపం ఆర్పేశాను.

పొద్దున గోడ మీద మాత్ లేదు, వరసగా గుడ్లున్నాయి. చెంచు వాచర్ చూసి, "గుంపెన మీదుండాల్సినయ్ ఈడ పెట్టింది" అన్నాడు. ఆకు అంచుతో మెల్లగా గీకి, ఆ ఆకును పక్కనున్న గుంపెన కొమ్మ చీలికలో ఇరికించాడు. మావాడు ఆ కొమ్మకిందే నిలబడిపోయాడు, బండి హారన్ కొట్టినా కదల్లేదు.