సి.కె. నాయుడు: భారత తొలి టెస్టు కెప్టెన్

తెలుగు కుటుంబంలో 1895లో నాగపూర్‌లో జన్మించిన కొట్టారి కనకయ్య నాయుడు పేరు తలచినప్పుడల్లా నా మనసు ముందుగా 1926 నాటి బొంబాయి జింఖానా మైదానానికే వెళుతుంది. ఇంగ్లండ్ నుండి వచ్చిన ఎం.సి.సి. (మేరిలిబోన్ క్రికెట్ క్లబ్) జట్టుపై హిందూ జట్టు తరఫున ఆడుతూ, రెండు గంటల లోపే పదకొండు సిక్సర్లతో 153 పరుగులు సాధించిన ఆ ఇన్నింగ్స్, భారతదేశం టెస్టు హోదాకు తగినదన్న నమ్మకాన్ని బలపరచింది.

1932లో ఇంగ్లండ్ పర్యటనకు నాయకుడిగా వెళ్లిన పోర్‌బందర్ మహారాజు లార్డ్స్ టెస్టుకు తాను తప్పుకోవడంతో, మన తొలి టెస్టు జట్టు పగ్గాలు నాయుడి చేతికి వచ్చాయి. మొదటి ఇన్నింగ్స్‌లో, చేతికి గాయమైనా ఆయన చేసిన 40 పరుగులే జట్టులో అత్యధికం. రాజవంశీకులకే నాయకత్వం దక్కే ఆ రోజుల్లో ఆయనకు సారథ్యం దక్కడం చిన్న విషయం కాదని నా దృఢాభిప్రాయం.

ఆడిన టెస్టులు ఏడే, చేసిన పరుగులు 350. ఆ అంకెలు ఆయన ప్రతిభకు కొలమానం కావు. తొలి టెస్టు ఆడేనాటికే ఆయన ముప్పై ఆరేళ్లు దాటినవారు. ఆయన సారథ్యంలో ఇండోర్‌కు చెందిన హోల్కర్ జట్టు నాలుగుసార్లు దేశవాళీ పోటీ అయిన రంజీ ట్రోఫీ గెలిచింది. ఆంధ్ర జట్టు రంజీ ప్రవేశం చేసిన 1953-54లో, యాభై ఎనిమిదేళ్ల వయసులో ఆ జట్టుకూ ఆయనే నాయకత్వం వహించారు.