పండ్లు కడిగించుకున్న ముచ్చట

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో లెక్కలు రాస్తాను. మిర్చి సీజన్ మొదలైందంటే పొద్దున కాంటాల నుంచి రాత్రి తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం చిట్టీలు) రాసేదాకా ఊపిరాడదు. ఘాటుకు గొంతు మండుతుంటే గంటకో చాయ్ పడాల్సిందే. బ్రష్ చేస్తుంటే నురగ ఎర్రగా రావడం అట్లాంటి సీజన్ మధ్యలోనే మొదలైంది. "కొన్ని రోజులు బ్రష్ పెట్టకు, ఉప్పునీళ్లు పుక్కిలించు" అన్నది అమ్మ.

హన్మకొండలో పండ్ల డాక్టర్ దగ్గరికి పోతే, నోరు చూడకముందే "షుగర్ టెస్ట్ ఎప్పుడు చేయించుకున్నరన్నా?" అని అడిగింది. షుగర్ ఉంటే చిగుళ్లు తొందరగా చెడతాయట, చిగుళ్లు చెడితే షుగర్ అదుపులోకి రావడం కష్టమట. నాకైతే లేదు. తర్వాత గీతలున్న సన్నని పుల్లలాంటి పరికరాన్ని పంటికీ చిగురుకూ మధ్య దించుతూ "రెండు, మూడు, ఐదు, మూడు..." అని చదువుతుంటే పక్కనున్న అమ్మాయి రాసుకుంది. అచ్చం మా కాంటా లెక్కే. మూడు మిల్లీమీటర్ల దాకా ఫరవాలేదు, నాలుగుకు వస్తే చిగురు పంటిని వదిలేసి సందు పడ్డట్టు. కింది వెనక పండ్ల దగ్గర నాకు ఐదులే ఎక్కువ.

రోజూ పోని పాచి, లాలాజలంలోని లవణాలతో గట్టిపడి గార అవుతుంది. అది బ్రష్‌కు రాదు. నెత్తురు వస్తోందని బ్రష్ ఆపితే పాచి ఇంకా పేరుకుంటుంది కాబట్టి మెత్తటి బ్రష్‌తో అక్కడే తోమాలని చెప్పింది. అమ్మకు ఈ మాట ఇప్పటికీ మింగుడు పడలేదు.

ముందు పైపైన క్లీనింగ్. కిర్రుమని చెవుల్లో మోత, నోట్లో నీళ్లు, పెదవి పక్కన వాటిని పీల్చే గొట్టం. తర్వాత చిగురు లోపలి గార కోసం మత్తు ఇంజెక్షన్ ఇచ్చి ఒక్కో పక్కన చేశారు. నొప్పి లేదు గానీ, వేర్ల మీద గీకుతున్న చప్పుడు మాత్రం తెలుస్తూనే ఉంటుంది. తీసిన ముక్క చూపించమంటే దూది మీద పెట్టి చూపించింది, నల్లగా, బియ్యపు నూకంత.

మత్తు దిగాక కింది ముందు పండ్ల మధ్య సందులు కనిపించాయి. "కడిగిస్తే పండ్లు ఊగుతయ్" అని జనం భయపడేది ఇందుకే. ఆ సందులు క్లీనింగ్‌తో పడ్డవి కావు, గార పోయాక బయటపడ్డవి. కొన్నాళ్లు చల్లనీళ్లు తాగితే జివ్వుమంది, తర్వాత తగ్గింది. సందుల్లో దూర్చే చిన్న బ్రష్ ఒకటి ఇచ్చారు. రాత్రి పూట దాంతో కుస్తీ పట్టడం నాకు అన్నిటికన్నా కష్టం.

చాయ్ మాత్రం పూర్తిగా మానమనలేదు. ఒక కప్పులో చక్కెర ఎంత అన్నదానికన్నా, రోజులో ఎన్నిసార్లు నోట్లో పడుతున్నదన్నదే పండ్లకు ముఖ్యం. తీపి తాకిన ప్రతిసారీ క్రిములు ఆమ్లం తయారుచేస్తాయి, లాలాజలం దాన్ని సరిచేయడానికి అరగంటైనా పడుతుంది, అది సర్దుకున్న కాసేపటికే నేను ఇంకో కప్పు అందుకునేవాణ్ణి. ఇప్పుడు పొద్దునొక్కటే తీపి చాయ్, మిగతావి చక్కెర లేకుండా. మొదట్లో కషాయం తాగినట్టే ఉండేది.

మా దగ్గర హమాలీ పని చేసే ఒక కాక ఇదంతా విని నవ్విండు. "ముప్పయ్యేండ్ల సంది బీడీ తాగుతున్న, ఒక్క చుక్క నెత్తురు రాలే" అన్నడు. డాక్టర్‌ను అడిగితే, పొగ తాగేవాళ్ల చిగుళ్లలో రక్తనాళాలు ముడుచుకుపోయి నెత్తురు తక్కువ కనిపిస్తుందనీ, రోగం లోపలే ముదురుతుందనీ చెప్పింది. బతిమాలి తీసుకుపోయిన. ఆయన లెక్క ఆరు, ఏడు దాకా పోయింది, ఒక దవడ పన్ను అప్పటికే కదులుతున్నది. "సీజన్ అయిపోనీ బిడ్డా" అంటున్నడు. నేనైతే అపాయింట్‌మెంట్ రాయించి పెట్టిన.