లాగిన్‌ను ఒక్క మాడ్యూల్‌కే అప్పగించడం

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు కర్మాగారం కోసం నేను తిరుపతిలో ఉండి రాసిన జావా డెస్క్‌టాప్ అప్లికేషన్‌లో కాటా, కొనుగోలు, చెల్లింపులు, గిడ్డంగి అని నాలుగు మాడ్యూళ్లు (విడివిడి భాగాలు) ఉండేవి. తోతాపురి కాయ ట్రాక్టర్ల వరసలో వచ్చి పడే జూన్, జూలై నెలల్లో కాటా గుమాస్తా, చెల్లింపుల గుమాస్తా ఒకే కంప్యూటర్‌ను మార్చి మార్చి వాడేవారు. పాస్‌వర్డ్ సరిచూసే కోడ్‌ను ఏ మాడ్యూల్‌కు ఆ మాడ్యూల్‌లోనే రాశాను. ఒక లోపాన్ని మూడు చోట్ల సరిదిద్ది నాలుగో చోట మరిచిపోవడం వల్ల, కాటా గుమాస్తా లాగిన్‌తోనే ఒక రైతు చెల్లింపు రికార్డు మారిపోయింది. డబ్బు పోలేదు గాని, రైతుకు చేరవలసిన సొమ్ము లెక్క నా కోడ్ మీద ఆధారపడి ఉందన్న సంగతి ఆ రోజు నుంచి నన్ను వదలలేదు.

మరుసటి నెలలో లాగిన్ పనినంతా ఒక ప్రత్యేక మాడ్యూల్‌లోకి తెచ్చాను. 2017 సెప్టెంబరులో జావా 9తో వచ్చిన మాడ్యూల్ వ్యవస్థ ఇందుకు ఎంతో అనుకూలమైనది. లాగిన్ అయినది ఎవరో, వారి హోదా ఏమిటో చెప్పే ఒక చిన్న ఇంటర్‌ఫేస్ (బయటివారు పిలవగల మెథడ్ల జాబితా) ఉన్న ప్యాకేజీని, అంటే తరగతుల సముదాయాన్ని, మాత్రమే మాడ్యూల్ వివరణ ఫైలులోని ‘ఎక్స్‌పోర్ట్స్’ వరుసలో బయటికి ప్రకటించాను. పాస్‌వర్డ్‌ను, డేటాబేస్‌ను తాకే ప్యాకేజీలను ప్రకటించలేదు. అందువల్ల మిగిలిన మాడ్యూళ్లు వాటిని పిలవాలని చూస్తే కోడ్‌ను అనువదించే కంపైలరే అడ్డుపడుతుంది.

లోపలి పనికి జావాతోనే వచ్చే జాస్‌ను (JAAS, లాగిన్, అనుమతుల పని చూసే సదుపాయం) ఎంచుకున్నాను. 2002లో వెలువడిన జావా 1.4 నుంచి ప్రధాన భాగంగా ఉన్న ఈ సదుపాయాన్ని పాతదని చాలామంది పక్కన పెడతారు గాని, దానిలోని రెండు దశల పద్ధతి నాకు ఇప్పటికీ ఎంతో నచ్చుతుంది. లాగిన్‌ను నడిపించే లాగిన్‌కాంటెక్స్ట్ మొదట, కాన్ఫిగరేషన్‌లో చెప్పిన లాగిన్‌మాడ్యూళ్లను (ఇవి పైన చెప్పిన మాడ్యూళ్లు కావు, పాస్‌వర్డ్ వంటివి సరిచూసే తరగతులు) వరసగా ‘లాగిన్’ అని అడుగుతుంది. మొత్తం మీద ఫలితం అనుకూలమైతేనే ‘కమిట్’ పిలిచి, అప్పుడు మాత్రమే వాడుకరి గుర్తింపును, లాగిన్ అయిన వ్యక్తిని సూచించే సబ్జెక్ట్‌కు జోడించనిస్తుంది. కాకపోతే ‘అబార్ట్’ పిలిచి, సగంలో పోగైన వివరాలను తుడిచివేయమంటుంది. సగం లాగిన్ అనే స్థితి మిగలకుండా చూసే ఈ క్రమాన్ని సొంతంగా రాయబోయి నేను రెండుసార్లు విఫలమయ్యాను.

ఇక్కడ ఒక చిక్కు నా మూడు రోజులను తినేసింది. నా లాగిన్‌మాడ్యూల్ తరగతి బయటికి ప్రకటించని ప్యాకేజీలో ఉండడం వల్ల, కాన్ఫిగరేషన్ ఫైలులో పేరు సరిగ్గానే ఉన్నా లాగిన్‌కాంటెక్స్ట్ దానిని సృష్టించలేక, లోపాన్ని తెలిపే లాగిన్‌ఎక్సెప్షన్ విసిరేది. ఆ ప్యాకేజీని ప్రకటించేయడం సులువే గాని, అలా చేస్తే విడదీసిన ప్రయోజనమే పోతుంది. మాడ్యూల్ వివరణ ఫైలులో ‘ప్రొవైడ్స్’ వరుస రాసి, ఈ తరగతి లాగిన్‌మాడ్యూల్ సేవను అందిస్తుందని చెప్పడమే సరైన మార్గం. జావా 9 నుంచి లాగిన్‌కాంటెక్స్ట్ ముందుగా, ఇలా ప్రకటించిన సేవలను వెతికిపెట్టే సర్వీస్‌లోడర్ ద్వారానే వెతుకుతుంది కనుక, ప్యాకేజీ మూసి ఉన్నా తరగతి దొరుకుతుంది.

అయితే లాగిన్‌తో పని తీరదు; వచ్చినది ఎవరో అది చెబుతుంది గాని, వారికి ఏ పనికి అనుమతి ఉందో చెప్పదు. అలిపిరి దగ్గర తనిఖీ పూర్తయిన భక్తుడికి కూడా వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో టికెట్టు, గుర్తింపు కార్డు మళ్లీ చూస్తారు. ఆ రెండు తనిఖీలూ వేరువేరు ప్రశ్నలకు జవాబులు. నా పాత కోడ్‌లో కాటా గుమాస్తాకు చెల్లింపుల మెనూ కనిపించకుండా దాచడాన్నే అనుమతి అనుకున్నాను. ఆ మెనూ వెనుక ఉన్న సేవను కొనుగోలు తెర నేరుగా పిలుస్తోందని గమనించలేదు. ఇప్పుడు చెల్లింపు రాసే ప్రతి మెథడ్ మొదటి వాక్యంలోనే హోదాను పరిశీలిస్తుంది, పిలిచినది ఏ తెర అయినా సరే.

జాస్ మీద ఆధారపడేవారు ఒక మార్పును తప్పక గమనించాలి. పాత ఉదాహరణల్లో తరచుగా కనిపించే, ఒక పనిని ఫలానా వాడుకరి పేరుతో నడిపించే సబ్జెక్ట్ డూయాజ్ పద్ధతి, కోడ్ ఏ పనులు చేయవచ్చో అదుపు చేసే సెక్యూరిటీ మేనేజర్‌తో ముడిపడి ఉండేది. ఆ మేనేజర్‌ను 2025 మార్చిలో వచ్చిన జావా 24లో శాశ్వతంగా నిలిపివేశారు. 2022లో జావా 18తో వచ్చిన కాల్‌యాజ్ (వాడుకరి పేరుతో పని నడిపించేది), కరెంట్ (ఇప్పటి వాడుకరిని చెప్పేది) మెథడ్లకు మారడం మేలు. పాస్‌వర్డ్‌ను స్ట్రింగ్‌గా కాక అక్షరాల అర్రేగా (విడి అక్షరాల వరుసగా) తీసుకుని, పని కాగానే చెరిపివేయడం కూడా అంతే అవసరం; ఒకసారి ఏర్పడిన స్ట్రింగ్‌ను మార్చలేము కనుక అది మెమరీలో ఎంతసేపు ఉంటుందో మన చేతిలో ఉండదు.

ఇప్పుడు కాటా, కొనుగోలు, చెల్లింపులు, గిడ్డంగి మాడ్యూళ్లలో ఎక్కడ వెతికినా పాస్‌వర్డ్ అన్న మాట దొరకదు. షిఫ్టు మారేటప్పుడు లాగౌట్ చేయకుండా లేచిపోయే గుమాస్తా కోసం, కొంతసేపు కదలిక లేకపోతే తెరను మూసే ఏర్పాటును వచ్చే కాయల సీజన్‌కు ముందే అదే లాగిన్ మాడ్యూల్‌లో రాస్తున్నాను.