ఎస్టీమ్ సెన్సర్ల వేట: జిప్సీ పేరు చెబితే దొరికినవి

నా బండి 2003 మోడల్ మారుతీ ఎస్టీమ్ వీఎక్స్‌ఐ, ఏపీ 36 నంబరు. ఇంజిన్ జీ13బీబీ: 1298 సీసీ, 16 వాల్వులు, ఎంపీఎఫ్‌ఐ (కార్బ్యురేటర్ బదులు ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఇంజెక్టర్ పెట్రోలు చిమ్మే పద్ధతి). టింకరింగ్, పెయింటు పని నిరుడే ముగిసింది. ఈ ఎండాకాలమంతా ఇంజిన్ సెన్సర్ల మీదే గడిచింది. పాత ఎంపీఎఫ్‌ఐ బండ్లు నడిపేవాళ్లు మన వరంగల్, హన్మకొండ, కరీంనగర్ వైపు ఇంకా చాలామంది ఉన్నారు కాబట్టి కొలతలతో సహా రాసిపెడుతున్నాను.

మార్చి: అసలు రోగం ఏంటి

పొద్దున సెల్ఫ్ కొట్టగానే బండి లేస్తుంది. వేడెక్కాక ఒకసారి ఆపి మళ్లీ స్టార్ట్ చేయాలంటే మాత్రం యాక్సిలరేటర్ తొక్కి పట్టాలి. సైలెన్సర్ మూతికి నల్లటి మసి. సిటీలో 14 ఇచ్చే మైలేజ్ 9కి పడిపోయింది. ఇంజిన్ చెక్ లైటు మాత్రం వెలగలేదు. చూపించిన ప్రతి షెడ్డులోనూ ఒకటే మాట: ప్లగ్గులు మార్చు, ఇంజెక్టర్లు క్లీన్ చేయించు. ప్లగ్గులు విప్పి చూస్తే నాలుగూ ఒకే తీరుగా నల్లబడి ఉన్నాయి. ఒక్క ఇంజెక్టర్ కారితే ఒక్క సిలిండరే నల్లబడాలి. నాలుగూ నల్లబడ్డాయంటే పెట్రోలు ఎక్కువ పోయమని ఇంజిన్ కంప్యూటరే చెబుతోందని నా అనుమానం. అలా చెబుతోందంటే దానికి ఏదో సెన్సర్ నుంచి తప్పుడు లెక్క అందుతూ ఉండాలి.

మన దేశంలో బీఎస్-4 (పొగ కాలుష్య ప్రమాణం) కార్లకు ఓబీడీ (స్కానర్ తగిలించి లోపాల కోడ్లు చదివే ఏర్పాటు) తప్పనిసరి అయింది 2010 ఏప్రిల్‌లో. అంతకు ముందటి బండ్లకు ఇప్పటి బ్లూటూత్ స్కానర్ పనిచేస్తుందని నమ్మి డబ్బు పెట్టొద్దు. పాత సుజుకీ పద్ధతి వేరు. డయాగ్నోసిస్ కప్లర్‌లో (పరీక్ష కోసం పెట్టిన వైర్ల సాకెట్) మాన్యువల్ చెప్పిన రెండు పిన్నులను చిన్న వైరు ముక్కతో కలిపి కీ ఆన్ చేస్తే చెక్ లైటే మినుకుతూ కోడ్ చెబుతుంది. ఒకసారి మినికి, ఆగి, రెండుసార్లు మినికితే 12, అంటే ఏ లోపమూ లేదని. 13 అంటే ఆక్సిజన్ సెన్సర్ (ఎగ్జాస్ట్ పొగలో ఆక్సిజన్ చూసేది). 14, 15 కూలెంట్ టెంపరేచర్ (ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్ల వేడి). 21, 22 థ్రాటిల్ పొజిషన్ (గాలి ద్వారం ఎంత తెరుచుకుందో చెప్పేది). 31, 32 మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి కొలిచేది). ఏ పిన్నులు కలపాలన్నది మోడల్‌ను బట్టి మారుతుంది, అందాజాగా కలపకండి.

నా బండి 12 చూపించింది. ఇక్కడే చాలామంది సెన్సర్లన్నీ బాగున్నాయని వదిలేస్తారు. సెన్సర్ పూర్తిగా తెగినా, షార్ట్ అయినా మాత్రమే కోడ్ పడుతుంది. బతికే ఉండి అబద్ధం చెప్పే సెన్సర్‌కు కోడ్ ఉండదు. దాన్ని మీటరుతోనే పట్టుకోవాలి.

ఏప్రిల్: స్టీలు గిన్నె, మల్టీమీటరు

ముందుగా అనుమానించింది కూలెంట్ టెంపరేచర్ సెన్సర్‌ని. ఇంజిన్ చల్లగా ఉందనుకుంటే కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ ఇస్తుంది, పాత కార్బ్యురేటర్ బండికి చోక్ లాగినట్టు. నా బండిలో ఈ పేరుతో రెండు ఉన్నాయి. ఒక వైరుతో ఉన్నది డ్యాష్‌బోర్డ్‌లో వేడి ముల్లు కోసం. రెండు వైర్లది కంప్యూటర్ కోసం. ముల్లు సరిగ్గా చూపిస్తోంది కదా అని రెండో దాన్ని బాగుందనుకోవడానికి లేదు, దేని దారి దానిది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక విప్పి, స్టీలు గిన్నెలో నీళ్లు పోసి, వంటింటి థర్మామీటరు పెట్టి సన్నటి మంట మీద దాని రెసిస్టెన్స్ (కరెంటుకు అడ్డు, ఓమ్‌లలో) మల్టీమీటరుతో కొలిచాను. సెన్సర్ మొన మాత్రమే మునగాలి, పిన్నులు తడవకూడదు. గిన్నె అడుగుకు తగలకుండా తీగతో వేలాడదీయాలి, లేకపోతే నీళ్ల వేడి బదులు గిన్నె వేడి చూపిస్తుంది. మంచి సెన్సర్ 20 డిగ్రీల దగ్గర దాదాపు రెండున్నర కిలో ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర 300 ఓమ్‌ల చుట్టుపక్కల ఉండాలి. నాది 30 డిగ్రీల దగ్గరే 4.8 కిలో ఓమ్‌లు, 80 దగ్గర 900 ఓమ్‌లు. అంటే ఇంజిన్ 80కి వచ్చినా కంప్యూటర్‌కు 50 కూడా దాటలేదనే కబురు అందుతోంది. మసికీ మైలేజ్‌కీ కారణం దొరికింది.

కప్లర్ లోపల ఒక పిన్నుకు పచ్చగా చిలుము పట్టి ఉంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, సన్నటి బ్రష్‌తో గీకి శుభ్రం చేశాను. కొత్త సెన్సర్ కొనేముందు ఈ పని చేయాల్సిందే. చిలుము కూడా రెసిస్టెన్సే, కొత్త సెన్సర్‌ను కూడా అది అబద్ధాలకోరుగా చేస్తుంది.

ఏప్రిల్ చివర: దుకాణాలు

ఎస్టీమ్ తయారీ 2007లో ఆగిపోయింది. కౌంటర్‌లో ఎస్టీమ్ అనగానే "రావు సార్" అనేస్తారు. ఒక దుకాణంలో ఉందని తెచ్చిచ్చింది ముల్లుకు వాడే ఒక వైరు సెన్సర్. ఇంకోచోట ప్లాస్టిక్ కవర్‌లో ఉన్న లోకల్ పీస్ ఇచ్చారు. మీటరు నా సంచిలోనే ఉంది కాబట్టి అక్కడే పెట్టి చూశాను. ఆ మధ్యాహ్నం వేడికి కిలోన్నర ఓమ్‌లకు అటూ ఇటూ ఉండాల్సింది మూడున్నర చూపించింది. తిరిగిచ్చేశాను. సెన్సర్ కొనబోయేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే: మీటరు వెంట తీసుకెళ్లండి, మొహమాటపడకండి. మూడు నాలుగు వందల రూపాయల మీటరు చాలు.

దారి చూపింది ఆటోనగర్‌లో ఒక పాత ఆటో ఎలక్ట్రీషియన్. "ఎస్టీమ్ అంటే ఎవ్వరు ఇయ్యరన్నా. జిప్సీది అడుగు," అన్నాడు. ఆ ఒక్క ముక్కతో వేట దారికొచ్చింది. మారుతీ వాళ్ల జీపు లాంటి బండి జిప్సీ. ఎంపీఎఫ్‌ఐ జిప్సీ కింగ్‌లో ఉన్నదీ ఇదే జీ13బీబీ ఇంజిన్. ఎస్టీమ్ ఆగాక కూడా జిప్సీ చాలా ఏళ్లు తయారైంది, సైన్యం ఎక్కువగా వాడింది, అందుకే దాని సామాను ఇంకా తిరుగుతోంది. 2001లో వచ్చిన మారుతీ వెర్సా వ్యానుకు కూడా ఇదే ఇంజిన్. కాబట్టి వెతకాల్సింది కారు పేరుతో కాదు, ఇంజిన్ పేరుతో.

ఇంజిన్ ఒకటైనంత మాత్రాన ప్రతి సెన్సర్ కలుస్తుందని కాదు. కంప్యూటర్ వేరైతే మ్యాప్ సెన్సర్ లెక్క వేరుగా ఉండొచ్చు, కప్లర్ ఆకారం మారొచ్చు. దీనికి పార్ట్ నంబరే దిక్కు. సుజుకీ నంబరులో మొదటి అయిదంకెలు వస్తువును, తర్వాతి అయిదు అక్షరాలు మోడల్‌ను చెబుతాయి. 13650తో మొదలైతే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్, 18590 అయితే ప్రెషర్ సెన్సర్, 18213 ఆక్సిజన్ సెన్సర్. రెండో భాగం కూడా కలిస్తే కళ్లు మూసుకుని కొనొచ్చు. కలవకపోతే పిన్నుల వరుస, కప్లర్ గాడి, మర, ఆ తర్వాత మీటరు రీడింగ్, ఈ నాలుగూ పాతదానితో పక్కపక్కన పెట్టి చూడాలి. పాత సెన్సర్ జేబులో లేకుండా దుకాణానికి వెళ్లడం దండగ.

వరంగల్‌లో దొరకనివాటికి హైదరాబాద్ పుత్లీబౌలి, సికింద్రాబాద్ రాణీగంజ్. కాజీపేటలో పొద్దున రైలెక్కితే సాయంత్రానికి ఇంటికి చేరొచ్చు. కూలెంట్ సెన్సర్ రాణీగంజ్‌లో జిప్సీ పేరుతోనే దొరికింది, కంపెనీ ప్యాకింగ్‌లో. అక్కడా మీటరు పెట్టే తీసుకున్నాను, లెక్క సరిపోయింది.

మే: బిగింపు

రాగి వాషర్ కొత్తది వేసి, ముందు చేత్తో మర ఎక్కించి, తర్వాత పానాతో కొద్దిగానే బిగించాను. కింద ఉన్నది అల్యూమినియం, బలం చూపిస్తే మర పోతుంది. కొందరు తెల్ల టెఫ్లాన్ టేపు చుడతారు. రెండు వైర్ల సెన్సర్‌కు దానితో నష్టం లేకపోవచ్చు గానీ, ఒక వైరు దానికి మాత్రం వద్దు. దానికి ఎర్త్ అందేది ఆ మర ద్వారానే.

ఆ తర్వాత కూలెంట్ దారిలో చేరిన గాలి తీయడం. రేడియేటర్ మూత చల్లగా ఉన్నప్పుడే తీసి, హీటర్ ఫుల్ పెట్టి, ఫ్యాన్ తిరిగేదాకా ఇంజిన్ నడిపి, బుడగలు ఆగేదాకా కూలెంట్ పోస్తూ ఉన్నాను. సెన్సర్ మొన దగ్గర గాలి బుడగ నిలిస్తే ఎంత మంచి సెన్సర్ అయినా తప్పు చెబుతుంది. చివరికి బ్యాటరీ నెగెటివ్ తీసి ఒక నిమిషం ఆగి మళ్లీ పెట్టాను.

వేడి ఇంజిన్ ఒక్క సెల్ఫ్‌కే లేచింది. ములుగు రోడ్డు మీదుగా రామప్ప దాకా వెళ్లి వచ్చాను. దారిలో టీకి ఆపిన ప్రతిసారీ స్టార్టింగ్ టెన్షన్ లేదు. అంత ఆనందం పెయింటు వేయించిన రోజు కూడా కలగలేదు.

మ్యాప్ సెన్సర్

ఇది మార్చలేదు, పరీక్ష మాత్రమే. మూడు వైర్లు: ఒకటి కంప్యూటర్ ఇచ్చే 5 వోల్టులు, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నల్. కీ ఆన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా చూస్తే సిగ్నల్ 3.3 నుంచి 4.3 మధ్య ఉండాలి. నాది 3.9. వ్యాక్యూమ్ పంపు నా దగ్గర లేదు. మెడికల్ షాపులో దొరికే 50 మి.లీ. సిరంజికి గొట్టం తొడిగి లాగితే వోల్టేజ్ మెట్లు లేకుండా తగ్గుతూ వచ్చింది, పట్టి ఉంచితే కదలలేదు. కాబట్టి సెన్సర్ బాగుంది. దాని గొట్టం మాత్రం ఎండకు బిరుసెక్కి చివర పగిలింది, అది మార్చాను. ఒకేసారి మ్యాప్, థ్రాటిల్ రెండింటి కోడ్లు పడితే రెండూ కొనకండి. రెండింటికీ 5 వోల్టులు ఒకే చోటి నుంచి వస్తాయి, ముందు ఆ వైరు చూడండి. ఎలుకలు కొరికే చోటు కూడా అదే.

జూన్: ఆక్సిజన్ సెన్సర్

ఇన్నాళ్లు మసిలో నడిచింది కాబట్టి దీని మీద ఆశ లేదు. ఇంజిన్ బాగా వేడెక్కాక 0.1, 0.9 వోల్టుల మధ్య చకచకా ఊగాలి. నాది బద్ధకంగా కదిలి 0.7 దగ్గరే ఉండిపోతోంది. బీఎస్-2 ప్రమాణాలకు తయారైన పెట్రోలు కార్లకు పొల్యూషన్ టెస్టులో ఐడిలింగ్‌లో (బండి కదలకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు) కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం దాటకూడదు. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ కూడా ఉంటుంది, దీన్ని వాయిదా వేయలేం.

కప్లర్‌తో సహా అసలుది దొరకలేదు. నాలుగు వైర్ల యూనివర్సల్ సెన్సర్ పుత్లీబౌలిలో తీసుకున్నాను, పాతదాని కప్లర్ కోసి దీనికి కలపాలి. రంగులు కంపెనీని బట్టి మారతాయి. బాష్‌లో తెల్లవి రెండూ హీటర్, నల్లది సిగ్నల్, బూడిద రంగుది ఎర్త్. డెన్సోలో నల్లవి రెండూ హీటర్, నీలం సిగ్నల్, తెల్లది ఎర్త్. బాష్ నల్లదాన్ని డెన్సో నల్లదానికి కలిపితే సిగ్నల్ పోయి హీటర్ లైనుకు తగులుతుంది. వైర్లను టంకం పెట్టకుండా క్రింప్ చేసి (లోహపు గొట్టంలో పెట్టి నొక్కి), పైన హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) వేయాలి. ఈ రకం సెన్సర్ పోల్చుకోవడానికి కావలసిన బయటి గాలి వైరు పోగుల సందుల్లోంచే లోపలికి వెళ్తుంది, టంకం ఆ దారి మూసేస్తుంది.

పాతదాన్ని విప్పడానికి 22 పానా కావాలి. రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి, పొద్దున ఇంజిన్ కాస్త గోరువెచ్చగా ఉన్నప్పుడు తిప్పితే వచ్చింది. కొత్తదాని మరకు మాత్రమే యాంటీ సీజ్ (మర పట్టుకుపోకుండా రాసే పేస్టు) రాయాలి, మొనకు తగలకూడదు. ఎగ్జాస్ట్ జాయింట్ల దగ్గర మామూలు సిలికాన్ సీలెంట్ వాడితే దాని ఆవిరికే సెన్సర్ చచ్చిపోతుంది.

బిగించాక సిగ్నల్ చక్కగా ఊగుతోంది. మైలేజ్ రెండు ట్యాంకుల లెక్కలో 13కి వచ్చింది. పొల్యూషన్ కాగితం వచ్చే వారం. ఆ తర్వాత థ్రాటిల్ పొజిషన్ సెన్సర్: పెడల్ మెల్లగా తొక్కుతుంటే ఒకచోట వోల్టేజ్ తటాలున పడి లేస్తోంది. దాని జిప్సీ నంబరు కోసం అడుగుతున్నాను. ఎవరి దగ్గరైనా పాత జీ13బీబీ థ్రాటిల్ బాడీ స్క్రాప్‌లో పడి ఉంటే, దాని మీద అచ్చైన నంబరు చదివి చెప్పండి చాలు.